తిరిగి వెళ్లని గిన్నె

తెలుగు ఇళ్లలో ఒక అలిఖిత నియమం ఉంది. పండుగనాడు పొరుగింటి నుంచి పులిహోరో, పరమాన్నమో, షీర్ ఖుర్మానో, క్రిస్మస్ కేకో గిన్నెలో వస్తే, ఆ గిన్నెను ఖాళీగా తిరిగి పంపకూడదు. ఇంట్లో ఏమీ లేకపోతే గుప్పెడు చక్కెరయినా వేసి ఇస్తారు. చూడటానికి చిన్న ఆచారమే. కానీ ఇచ్చినవారూ పుచ్చుకున్నవారూ ఒకే మెట్టు మీద ఉన్నారని ఆ గిన్నె చెబుతుంది. నోముల్లో ‘ఇస్తినమ్మ వాయనం, పుచ్చుకుంటినమ్మ వాయనం’ అనుకోవడంలో, దసరా సాయంత్రం జమ్మి ఆకు చేతిలో పెట్టి అలయ్ బలయ్ తీసుకోవడంలో, బతుకమ్మను సాగనంపాక సత్తుపిండి ఒకరికొకరు పంచుకోవడంలో ఉన్నదీ ఈ సమానత్వమే. అయితే అదే పండుగనాడు అదే వంటింటి నుంచి ఇంటిపని చేసే మహిళకు, కాపలాదారుకు, వీధి ఊడ్చే పారిశుద్ధ్య కార్మికురాలికి కూడా ఏదో ఒకటి వెళుతుంది. ఆ గిన్నె మాత్రం నిండుగా తిరిగి రాదు. రావాలని ఎవరూ ఆశించరు. ఒకవేళ వస్తే దాన్ని ఏం చేయాలో చాలా ఇళ్లకు తెలియదు. పండుగ దానాల గురించిన చర్చ ఈ రెండు గిన్నెల మధ్య తేడా నుంచి మొదలుకావాలి.

ఇటీవలి సంవత్సరాలలో పండుగ వేళ పేద కుటుంబాలకు సాయం చేసే కార్యక్రమాలు మన పట్టణాలలో బాగా పెరిగాయి. దసరా మొదలు సంక్రాంతి దాకా కాలనీ సంక్షేమ సంఘాలు, అపార్ట్‌మెంట్ సంఘాలు, ఎన్‌ఎస్‌ఎస్ విద్యార్థులు బియ్యం, పప్పు, నూనె సంచులు కడుతున్నారు. దుప్పట్లు, బట్టలు సేకరిస్తున్నారు. అక్టోబర్ 2 నుంచి 8 వరకు దేశవ్యాప్తంగా జరిగే ‘దాన్ ఉత్సవ్’ 2009లో మొదలై ఇప్పుడు కార్పొరేట్ కార్యాలయాలకూ విద్యాసంస్థలకూ వార్షిక క్రతువుగా మారింది. ఈ పనులు చేస్తున్న యువతను నేను తరగతి గదిలో రోజూ చూస్తున్నాను. వారి చిత్తశుద్ధిని శంకించవలసిన అవసరం లేదు. వారిలో చాలామంది అడగని ఒక ప్రశ్నను ఇక్కడ అడగదలచుకున్నాను. సాయం అందుకునే కుటుంబం మనకు పొరుగు ఎందుకు కాలేదు?

పొరుగువారు పొరుగువారికి సాయపడటం అన్న మాటలోనే ఒక ఊహ ఉంది. ఉన్నవారూ లేనివారూ ఒకే వీధిలో, ఒకరి పొయ్యి పొగ ఒకరికి కనిపించేంత దగ్గరగా ఉంటారన్నదే ఆ ఊహ. మన ఊళ్ల నిర్మాణం అందుకు పూర్తిగా విరుద్ధం. మాలవాడ, మాదిగవాడ ఊరికి ఆవల ఉంటాయి. ఎవరు ఎవరికి పొరుగు అన్నది ఇష్టాయిష్టాలను బట్టి కాక పుట్టుకను బట్టి తేలుతుంది. నగరానికి వచ్చాక ఈ హద్దు చెరిగిపోతుందని ఆశించాం. కానీ అద్దె ఇంటి కోసం వెళ్లిన దళిత, ముస్లిం కుటుంబాలకు ‘మీరేమిట్లు?’, ‘మాంసాహారం తింటారా?’ అన్న ప్రశ్నలు ఎదురవుతూనే ఉన్నాయి. పొరుగున ఉండనివ్వని కుటుంబానికి పండుగనాడు వ్యాన్‌లో సంచులు పంపుతున్నామంటే, ముందు దూరాన్ని తయారుచేసుకొని, ఆ తర్వాత ఆ దూరం దాటినందుకు పుణ్యం లెక్కవేసుకుంటున్నామన్నమాట.

పాత గ్రామ వ్యవస్థలో ఈ దూరానికి ఒక ఆర్థిక రూపం ఉండేది. చాకలి, మంగలి, కుమ్మరి, కమ్మరి, వడ్రంగి, మాదిగ కులాలవారు ఏడాది పొడవునా రైతు కుటుంబాలకు పనిచేస్తే, పంట నూర్చాక కల్లం మీద వారికి గింజలు కొలిచేవారు. దాన్నే మేర అని, ఆయం అని అన్నారు. దానికి తోడు పండుగలకు అన్నం, అప్పాలు, పాత బట్ట ఇచ్చేవారు. ఈ ఏర్పాటును పరస్పర సహకారమని, పల్లె ఆత్మీయత అని కీర్తించిన రచనలకు కొదవ లేదు. కానీ చేసిన పనికి రావలసిన కూలిలో కొంత భాగాన్ని ‘పెట్టడం’గా, ‘పోయడం’గా మార్చడమే అందులోని కిటుకు. కూలిని లెక్క కట్టి అడగవచ్చు. పెట్టినదాన్ని అడగడం కుదరదు, కళ్లకద్దుకోవలసిందే.

ఉమ్మడి నల్లగొండ జిల్లాలోని మా ఊళ్లో 1980ల చివరి సంవత్సరాలలో నేను ఈ వ్యవస్థ తోకను చూశాను. అంతకు ముందు తరంలో మా తాత ఒక పెద్ద రైతు కుటుంబం మోటబావికి తోలు తొండాలు కుట్టాడు. మోట పోయి కరెంటు మోటారు వచ్చాక కూడా సంక్రాంతి పొద్దున మా నాయనమ్మ సత్తు గిన్నె పట్టుకొని ఆ ఇంటికి పోయేది. గరిటె గిన్నెకు తగలకుండా పైనుంచి అన్నం, పప్పు వేసేవారు. ఆ ఇంటి పెద్దమ్మ చెడ్డ మనిషి కాదు. నాయనమ్మను పేరు పెట్టి పిలిచేది, పిల్లల మంచీచెడ్డా అడిగేది, ఏ పండుగకూ పెట్టడం మరువలేదు. అదే రోజు మా వాడలో మా నాయనమ్మ సకినాలు చుట్టేది. ఆమె చేతి సకినాలకు చుట్టుపక్కల వాడల్లో పేరు. అయినా అవి ఆ ఇంటి గడప దాటి లోపలికి వెళ్లిన సంక్రాంతి ఒక్కటీ లేదు. ఆ పెద్దమ్మ మంచితనానికీ ఆ గడపకూ సంబంధం లేదు. వ్యక్తుల దయాగుణంతో కులాన్ని కొలవలేమని చెప్పడానికే ఈ సంగతి రాస్తున్నాను.

సామాజిక శాస్త్రం ఈ విషయాన్ని వందేళ్లుగా పరిశీలిస్తోంది. ఫ్రెంచ్ పండితుడు మార్సెల్ మాస్ 1925 నాటి తన ప్రసిద్ధ వ్యాసంలో కానుకకు మూడు బాధ్యతలున్నాయని వివరించాడు: ఇవ్వడం, స్వీకరించడం, తిరిగి ఇవ్వడం. తిరిగి ఇవ్వలేని స్థితిలో స్వీకరించినవాడు ఇచ్చినవాడి కంటే కిందికి జారతాడు. మన దేశ సందర్భంలో గ్లోరియా గుడ్విన్ రహేజా 1988లో ప్రచురించిన అధ్యయనం మరో అడుగు ముందుకు వేసింది. ఉత్తరప్రదేశ్‌లోని ఒక గ్రామంలో భూమి గల గుజ్జర్లు ఇచ్చే దానాలను పరిశీలించి, అక్కడి నమ్మకం ప్రకారం దానంతో పాటు దాత ఇంటి అశుభం కూడా గ్రహీతకు బదిలీ అవుతుందని ఆమె నిరూపించారు. పుచ్చుకోవడం అక్కడ గ్రహీత కులానికి విధి. మన దగ్గర దిష్టి తీసిన వస్తువులు, గ్రహణం విడిచాక ఇచ్చే దానాలు, చనిపోయినవారి బట్టలు ఎవరి చేతికి వెళతాయో గుర్తు చేసుకుంటే ఈ సిద్ధాంతం తెలుగువారికి కొత్తగా అనిపించదు.

అలాగని పాత వ్యవస్థలో అడిగే హక్కు లేనే లేదనడం కూడా సత్యం కాదు. మాదిగలకు ఆశ్రిత కులాలైన డక్కలి, చిందు, మాస్టిన్ కళాకారులకు ఫలానా వాడలో ప్రదర్శన ఇచ్చి ప్రతిఫలం పొందే వంశపారంపర్య హక్కు ఉంది. డక్కలివారు జాంబపురాణం చెప్పి, వారికి చెందవలసినది అడిగి తీసుకుంటారు. ఊరంతా ‘పుచ్చుకునేవారు’గా చూసిన మాదిగలు తమ వాడలో దాతలు కూడా. సంక్రాంతికి ఇంటింటికీ వచ్చే హరిదాసులు, గంగిరెద్దులవారు కూడా కళను ఇచ్చి గింజలు తీసుకున్నవారే. వారిని బిచ్చగాళ్లుగా చూడటం మనం తర్వాత నేర్చుకున్న చూపు. అయితే ఈ హక్కు కూడా పుట్టుకతోనే ముడిపడింది. ఎవరు ఎవరి దగ్గర చేయి చాచాలో కులం ముందే రాసిపెట్టింది. కాబట్టి పాత ఆచారాలను పునరుద్ధరించడం పరిష్కారం కాదు. హక్కును నిలుపుకొని, పుట్టుకతో దానికున్న ముడిని తెంచవలసి ఉంది.

ఆధునిక కాలంలో ఈ ముడి తెగకపోగా కొత్త రూపాలలో బిగిసింది. కార్తీక మాసం వస్తే తోటలలో వనభోజనాలు జరుగుతాయి. ఒకప్పుడు ఊరూ వాడా సరదాగా చేసుకున్న ఈ వేడుక, నేడు చాలాచోట్ల కుల సంఘాల బలప్రదర్శనగా మారింది. అదే వేదిక మీద ‘మనవాళ్లలో’ పేద విద్యార్థులకు ఉపకార వేతనాలు, వితంతువులకు సాయం ప్రకటిస్తారు. శ్రీశైలం వంటి పుణ్యక్షేత్రాలలో కులాల పేర్లతో వెలసిన అన్నదాన సత్రాలను చూడనివారుండరు. దాతృత్వం మనలో లేకపోలేదు. దానికి కుల సరిహద్దు ఉంది. లాహోర్‌లో చేయవలసిన ప్రసంగాన్ని నిర్వాహకులు రద్దు చేశాక అంబేడ్కర్ 1936లో సొంతంగా ప్రచురించిన ‘కుల నిర్మూలన’లో ఎత్తిచూపిన సంగతుల్లో ఇదొకటి: మనిషి బాధ్యతా, సానుభూతీ తన కులం దగ్గరే ఆగిపోయే సమాజంలో ప్రజాహితం అనే భావన ఎదగదు. కార్తీక మాసంలో ఏ ఆదివారమైనా నగర శివార్లలోని తోటలకు వెళితే ఆ విశ్లేషణకు కాలం చెల్లలేదని తెలుస్తుంది.

అణగారిన కులాలు తమ వాళ్ల కోసం చేసుకున్న కృషిని ఇదే గాటన కట్టలేం. భాగ్యరెడ్డివర్మ 1906లో హైదరాబాద్‌లో జగన్మిత్ర మండలిని స్థాపించి, దళిత పిల్లలకు పాఠశాలలు నడిపారు. గెంటివేతకు గురైనవారు తలెత్తుకోవడానికి కట్టుకున్న బడి అది. గెంటివేసిన కులాలు తమ సంపదను తమలోనే తిప్పుకోవడానికి కట్టుకునే సత్రంతో దానికి పోలిక లేదు. పేర్లు రెండింటికీ ‘సేవ’ అనే ఉండవచ్చు.

ఇక కానుక ఎప్పుడు హక్కుగా మారుతుందో చెప్పే ఒక చరిత్ర మన దేశంలోనే ఉంది. మొదటి ప్రపంచ యుద్ధం వల్ల ధరలు పెరిగినప్పుడు, 1917లో బొంబాయి బట్టల మిల్లుల యజమానులు కార్మికులకు ‘వార్ బోనస్’ ఇచ్చారు. తర్వాత అది ఏటా ఇచ్చే బోనస్ అయింది. 1923 సంవత్సరానికి యజమానులు దాన్ని నిలిపివేశారు. 1924 ఆరంభంలో మిల్లు కార్మికులు పెద్ద సమ్మె చేశారు. అది యజమానుల ఇష్టపూర్వకమైన కానుక మాత్రమేనని, కార్మికులకు దాని మీద చట్టబద్ధమైన హక్కు లేదని విచారణ సంఘం తేల్చింది. ఆ మాటను చెరిపివేయడానికి కార్మికులు నాలుగు దశాబ్దాలు పోరాడారు. చివరకు 1965లో బోనస్ చెల్లింపు చట్టం వచ్చింది. కనీస బోనస్ 8.33 శాతం, అంటే ఏడాదికి ఒక నెల జీతం. దసరా, దీపావళి ముందు అందే ఆ సొమ్మును ఏ కార్మికుడూ దయగా భావించడు. అయితే ఆ మిల్లుల్లోనూ కులం ఉంది. మగ్గం మీద దారాన్ని నోటితో తడపవలసి వస్తుంది కాబట్టి అస్పృశ్యులను నేత విభాగంలోకి రానివ్వలేదు. మంచి కూలి వచ్చే ఆ విభాగం తలుపులు ఎందుకు మూసివుంచారని 1928 సమ్మె సందర్భంగా అంబేడ్కర్ కార్మిక నాయకులను నిలదీశారు. హక్కు గెలుచుకున్నా, దాని పంపకంలో కులం అడ్డుపడుతూనే ఉంటుందన్నది ఆ ఘట్టం చెప్పే పాఠం.

బోనస్ నిబంధన ఇరవై మంది, అంతకు మించి పనిచేసే సంస్థలకు వర్తిస్తుంది. ఒక ఇంట్లో అంట్లు తోమి, బట్టలు ఉతికే మహిళకు వర్తించదు. ఆమె ఏకకాలంలో నాలుగైదు ఇళ్లలో పనిచేస్తుంది. ఆ ఇళ్లలోని ఉద్యోగులు పండుగ ముందు తమ బోనస్ కోసం సంఘం తరఫున పట్టుబడతారు. ఆమెకు మాత్రం ఒక చీర, అదీ చాలాసార్లు కట్టి విడిచింది ఇస్తే చాలనుకుంటారు. కార్మికురాలి పండుగను దయకు వదిలేసి, ఉద్యోగి పండుగను చట్టానికి అప్పగించిన విభజన ఇది. ఈ రెండు వరుసలలో నిలబడినవారి కులాలను గమనిస్తే, ఇది కేవలం వర్గ విభజన కాదని ఎవరికైనా తెలుస్తుంది.

ప్రభుత్వాలు కూడా ఈ పాత భాషలోనే మాట్లాడుతున్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2015 జనవరిలో రేషన్ కార్డుదారులకు సంక్రాంతి కానుక మొదలైంది. తెలంగాణలో 2017లో బతుకమ్మ చీరల పంపిణీ ప్రారంభమైంది. క్రిస్మస్‌కు, రంజాన్‌కు కూడా కానుకలు వచ్చాయి. వీటితో ప్రయోజనం లేదనలేం. బతుకమ్మ చీరల ఆర్డర్లు సిరిసిల్ల మరమగ్గాలకు పని కల్పించాయి. కానీ 2013 నాటి జాతీయ ఆహార భద్రతా చట్టం తిండిగింజలను హక్కుగా గుర్తించిన దేశంలో, బెల్లం, నెయ్యి, చీర వచ్చేసరికి ‘కానుక’ అన్న పదం ఎందుకు కావలసి వచ్చింది? హక్కుగా వచ్చినదానికి ఎవరి ఫొటోకూ నమస్కరించనక్కర లేదు. తొలి ఏడాది బతుకమ్మ చీరల నాణ్యత బాగాలేదని కొన్ని ఊళ్లలో మహిళలు వాటిని తగులబెట్టారు. ‘ఇచ్చింది పుచ్చుకోక ఈ పొగరేమిటి?’ అని చాలామంది నొచ్చుకున్నారు. పుచ్చుకునేవారికి అభిప్రాయం ఉండకూడదన్న పాత విధి ఆ నొచ్చుకోవడంలో వినిపిస్తుంది.

అన్నదానం దగ్గరకు వస్తే మనం ఎప్పుడూ ఎవరికి పెట్టామన్నదే లెక్కపెడతాం. గోదావరి లంకల్లో కులమతాలు అడగకుండా వచ్చినవారందరికీ అన్నం పెట్టిన డొక్కా సీతమ్మను తెలుగు నేల గౌరవంగా గుర్తుంచుకుంది. ఆంధ్రప్రదేశ్‌లో బడి భోజన పథకానికి ఆమె పేరు పెట్టడం సముచితమే. కానీ కులానికి అసలు పరీక్ష ఎదురయ్యేది వడ్డించేటప్పుడు కాదు, తినేటప్పుడు. ఎవరి చేతి వంట తింటామన్నదే ఆ పరీక్ష. 2001లో బడుల్లో వండిన భోజనం పెట్టాలని ఆదేశించిన సుప్రీంకోర్టు, 2004 ఏప్రిల్‌లో వంటవారి నియామకంలో దళితులకు, ఆదివాసులకు ప్రాధాన్యం ఇవ్వాలని చెప్పవలసి వచ్చింది. ఆ తర్వాత కూడా దళిత మహిళ వండిందని పిల్లలను బడి భోజనానికి పంపని తల్లిదండ్రుల వార్తలు దేశం నలుమూలల నుంచి వస్తూనే ఉన్నాయి. పేద దళిత బిడ్డకు అన్నం పెట్టడానికి ముందుకొచ్చే సమాజం, ఆ బిడ్డ తల్లి వండిన అన్నం ముందు వెనకడుగు వేస్తుంది.

ఈ సంగతిని గుర్తించిన సంస్కర్తలు మనకు లేకపోలేదు. గోరా, సరస్వతి గోరా దంపతులు కృష్ణా జిల్లాలో పౌర్ణమి రాత్రులు అన్ని కులాలవారితో సహపంక్తి భోజనాలు నిర్వహించారు. అక్కడ దాతలూ గ్రహీతలూ లేరు, కలిసి తినేవారే ఉన్నారు. అయితే కలిసి తిన్నంత మాత్రాన కులం పోదని అంబేడ్కర్ హెచ్చరించారు. అది నిజమే. పంక్తిలో పక్కన కూర్చున్నవారు పెళ్లి సంబంధం దగ్గరకు వచ్చేసరికి మళ్లీ కులం వెతుక్కుంటారు. కానీ కలిసి తినడానికే సిద్ధంగా లేని సమాజం అంతకు మించిన పని చేస్తుందని ఆశించడం కష్టం.

‘ఆకలితో ఉన్నవాడికి సిద్ధాంతాలెందుకు? ముందు అన్నం పెట్టండి’ అని కొందరనవచ్చు. ఆ మాటలో న్యాయం ఉంది. ఈ రాత్రి ఆకలికి ఈ రాత్రే అన్నం కావాలి. సాయం మానేయమని నేను చెప్పడం లేదు. పండుగ ఖర్చుకు అప్పు చేయవలసి వచ్చే తల్లికి ఆ బియ్యం సంచి ఎంత ఊరటో, అలాంటి ఇంట్లో పెరిగినవాడిగా నాకు తెలుసు. ఇవ్వడం ఎలాగూ జరుగుతోంది కాబట్టి, అది మనుషులను కిందికి తోసే పద్ధతిలోనే ఎందుకు జరగాలన్నదే నా ప్రశ్న.

మార్పు అసాధ్యమైనదేమీ కాదు. మొదట, మన ఇళ్లలో, అపార్ట్‌మెంట్లలో పనిచేసేవారికి పండుగ ముందు ఒక నెల జీతాన్ని బోనస్‌గా నగదులో ఇవ్వాలి. చట్టం చెప్పకపోయినా సంఘం తీర్మానం చేసుకోవచ్చు. దాన్ని జీతంలో భాగంగా రాసుకోవాలి, దానాల పద్దులో రాయకూడదు. రెండవది, ఏ కుటుంబానికి ఏమి కావాలో తేల్చే కమిటీలో ఆ బస్తీ మహిళలు సగం మంది ఉండాలి. పిల్లల పరీక్ష ఫీజు కట్టవలసిన ఇంటికి నాలుగో దుప్పటి అక్కర లేదని వారికే తెలుస్తుంది. మూడవది, బస్తీ కుటుంబాలను వరుసలో నిలబెట్టి తీసే ఫొటోలు ఆగాలి. నాలుగవది, పండుగ వంట ఇరువైపులవారూ కలిసి చేయాలి, ఒకే పంక్తిలో తినాలి. బట్టల సేకరణ చేసే విద్యార్థులు గూంజ్ సంస్థ పద్ధతిని గమనించాలి. 1999లో మొదలైన ఆ సంస్థ, ఊరివారు తమకు అవసరమని తామే నిర్ణయించుకున్న బావి తవ్వకం, దారి మరమ్మతు వంటి పనులకు ప్రతిఫలంగా బట్టలు ఇచ్చే ఏర్పాటు చేసింది. కూలిని నగదులో కాక బట్టలలో ఇవ్వడం సరైనదా అన్న చర్చకు తావుంది. కానీ పుచ్చుకునేవారిని చేయి చాచినవారిగా కాక పనిచేసినవారిగా గుర్తించాలన్న ఆలోచన మన కళాశాలలకు అవసరం.

వీటన్నిటి కంటే కష్టమైనది మరొకటి ఉంది: గిన్నెను తిరిగి రానివ్వడం. ఏటా ఏప్రిల్ 14న తెలుగు నేల మీద వందల దళితవాడల్లో అంబేడ్కర్ జయంతికి చందాలు వేసుకొని వంటలు చేస్తారు. కూలిపని చేసుకునే కుటుంబాలు తలా కొంత వేసుకొని, వచ్చినవారికల్లా అన్నం పెడతాయి. దానికి ఆహ్వానం అందరికీ ఉంటుంది. ఊళ్లోంచి, కాలనీల్లోంచి వెళ్లేది ఎందరు? వెళ్లిన రాజకీయ నాయకుల్లో విగ్రహానికి దండ వేసి, ఫొటో దిగి, విస్తరి ముందు కూర్చోకుండానే కారెక్కేవారు ఎందరు? దసరాకు మనం ఇచ్చిన సంచి ఎంత బరువో లెక్కరాసుకునే సంఘాలు, ఏప్రిల్‌లో ఆ వాడ పెట్టిన అన్నం తమ సభ్యుల్లో ఎందరు తిన్నారో కూడా అదే పుస్తకంలో రాసుకోవాలి. ఈ వ్యాసం చదువుతున్న విద్యార్థులు ఆ రెండో లెక్కతో పని మొదలుపెట్టాలని కోరుతున్నాను. రాబోయే ఏప్రిల్ 14న మీ కళాశాలకు దగ్గరలో ఉన్న వాడకు వెళ్లండి. ఏమీ పట్టుకెళ్లకండి. పెట్టింది తిని, మళ్లీ కావాలంటే అడిగి వడ్డించుకొని రండి.